నాలుగేళ్ల ఈ-రీడర్, ఒక్క ఆగస్టు

నా దగ్గరున్నది ఆరంగుళాల తెర ఉన్న ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదువుకోవడానికే చేసిన పరికరం. అంగుళానికి 300 చుక్కలు, అంచుల్లోంచి అక్షరాల మీద పడే లైటు, బరువు రెండు వందల గ్రాముల లోపు. కొని నాలుగేళ్లు దాటింది. ఆ మోడల్ ఇప్పుడు దొరకట్లేదు కాబట్టి కంపెనీ పేరుతో మీకు పనిలేదు. ఈ-ఇంక్ తెర ఉన్న ఏ రీడర్‌కైనా కింద రాసేది చాలావరకు వర్తిస్తుంది. ఇన్నాళ్లూ దాన్ని ఇంగ్లిషు నవలలకే వాడాను, మెట్రోలోనూ డాక్టర్ల దగ్గర వెయిటింగ్ హాల్లోనూ. బాగుందనుకోవడమే తప్ప, కూర్చుని రాయాలన్నంత ఏమీ అనిపించలేదు. పోయిన ఆగస్టు వచ్చి ఆ లెక్క మార్చింది.

ఆ నెల మా ఇంట్లో అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. అబ్బాయి ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్లాడు. మా వారికి రాజమండ్రి బదిలీ అయింది. కూకట్‌పల్లిలో ఫ్లాట్ ఖాళీ చేసి సామానంతా అమ్మ ఉంటున్న ఇంటికే చేర్చాం. అమ్మ కుడికంటికి శుక్లం ఆపరేషన్ తేదీ అంతకు ముందే ఖాయమై ఉంది. పుస్తకాల అట్టపెట్టెల్ని వరండాలో పేర్చి, జల్లు కొట్టకుండా టార్పాలిన్ కప్పాం. అలమరా చేయమంటే వడ్రంగి "శ్రావణం పోనివ్వండమ్మా, అన్నీ పెళ్లివారి మంచాలే" అన్నాడు. దాంతో చదువుకోవడానికి చేతిలో మిగిలింది ఈ రీడరొక్కటే.

మొదట బ్యాటరీ సంగతి. ఈ తెరలో సన్నటి గుళికలు, వాటిలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ఉంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. తేలినది అలాగే నిలబడటానికి మళ్లీ కరెంటు అక్కర్లేదు, పేజీ తిప్పినప్పుడే ఖర్చు. అందుకే కొత్తలో వైఫై ఆపేసి, లైటు తగ్గించి వాడితే చార్జింగ్ మాట వారాల తరబడి గుర్తుండేది కాదు. ఇప్పుడు ఓ పది రోజులు వస్తోంది. నాలుగేళ్ల వయసుకి అది నాకు ఫిర్యాదు కాదు. సామాను సర్దే రోజుల్లో చార్జర్ ఏ పెట్టెలో పడిందో తెలియకపోయినా ఇది నడిచింది, ఫోను నడవలేదు.

అసలు పరీక్ష అమ్మ దగ్గర జరిగింది. ఆపరేషన్‌లో ఆవిడకి అమర్చిన లెన్సు దూరపు చూపుకి సరిపోయేది. దగ్గరివి చదవడానికి జోడు వేరే కావాలి. కన్ను కుదురుకున్నాక, సుమారు నెల తర్వాత నంబరు చూసి రాస్తామన్నారు. ఆ లోపల వంగకూడదు, తలంటుకోకూడదు, వేళకి చుక్కలు వేయించుకోవాలి. ఇవన్నీ అమ్మ ఓర్చుకుంది. పేపరు లేకపోవడమే ఓర్చుకోలేకపోయింది. సంతాపాల నుంచి టెండరు ప్రకటనల దాకా వదలని మనిషి. టీవీ సీరియల్ పెడతానంటే "ఆ ఏడుపు కంటికి మంచిది కాదు, కట్టెయ్" అంది.

అప్పుడు రీడర్‌లో అక్షరాన్ని దాదాపు చివరిదాకా పెద్దది చేసి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేమిటే, పలక ఇచ్చావు, బలపం ఏదీ?" అంది. అన్నాక చదవడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం కాఫీ అడగలేదు.

ఇక్కడిదాకా ఏ సమీక్షలోనైనా ఉంటుంది. తెలుగు చదవబోయేవాళ్లకి ఉపయోగపడే మాటలు ఇకమీదటే. రీడర్‌తో వచ్చిన తెలుగు ఫాంటు సన్నగా, గీసీ గీయనట్టు ఉంటుంది. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసినవాటిలో మండలి, సురన్న, రామభద్ర దించుకుని, కేబుల్‌తో ఫాంట్ల ఫోల్డరులో వేశాను. రామభద్ర పోస్టరుకి బాగుంటుంది, పేజీకి బరువు. సురన్న నాకు నచ్చింది. అమ్మ ఓటు మాత్రం మండలికే.

ఫాంటు కుదిరాక వరుసల గొడవ వచ్చింది. వరుసల మధ్య ఎడం పెంచకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ‘స్త్రీ’ లాంటి చోట రెండో ఒత్తు సగం తెగిపోయేది కూడా. రెండు అంచులూ సమంగా ఉండే అమరిక ఇంగ్లిషుకి అందంగానే ఉంటుంది. మన భాషలో ఒక సమాసం వరుసలో పట్టక మొత్తంగా కిందికి దూకితే పైన మిగిలిన రెండు మాటల మధ్య ఎడ్లబండి పోయేంత ఖాళీ మిగులుతుంది. ఎడమ అంచు ఒక్కటే సరిచేసే అమరికకి మారిస్తే ఆ బాధ పోయింది. ఈ రెండూ తెలియక చాలామంది "దీన్లో తెలుగు బాగోదు" అని పక్కన పెట్టేస్తుంటారు.

మరి చదవడానికి ఏముంది? కొత్త తెలుగు పుస్తకాల విషయంలో నిరాశే ఎక్కువ. మన డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, చాలాకాలం ‘అను’ లాంటి పాత ఫాంట్లతో సాగింది. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ కాదు, అంటే ఏ పరికరమైనా తెలుగని గుర్తుపట్టే అక్షరాలు కావు. దాన్ని ఈబుక్ చేయబోతే అక్షరాలు కాదు, ముగ్గుపిండి ఒలికినట్టు గుర్తులు వస్తాయి. పాతవాటికి రెండు దారులున్నాయి. ఉచిత పుస్తకాల సైటు తెలుగు వికీసోర్స్‌లో ఉన్న పుస్తకం ఏదైనా నేరుగా ఈపబ్‌గా, అంటే రీడర్లకి సరిపడే ఈబుక్ ఫైలుగా, దిగుతుంది, అక్షరం ఎంత పెంచితే అంత పెరుగుతుంది. రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు. సముద్రమంత సరుకు, కానీ అది పేజీల ఫొటో. డెమ్మీ సైజు పుస్తకాన్ని ఆరంగుళాల తెరలో ఇరికిస్తే అక్షరం ఇంచుమించు అరవై శాతానికి కుదించుకుపోతుంది, ఒత్తులు చీమల్లా కనిపిస్తాయి. రీడర్‌ని అడ్డంగా తిప్పి పట్టుకుంటే నాకు సరిపోతుంది. అమ్మకి అదీ సరిపోదు.

ఆవిడ అడిగింది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు. "మనూరి మాటలా ఉంటుంది, చదివినట్టుండదు, విన్నట్టుంటుంది" అంటుంది. మన దేశంలో రచయిత పోయిన ఏడాది గడిచాక 60 ఏళ్లకి కాపీరైట్ తీరుతుంది. ఆయన 1961లో పోయారు. కాబట్టి ఆయన ఉండగా అచ్చయినవి 2022 జనవరి నుంచి అందరివీ. స్కాన్ పేజీల్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాల్ని గుర్తుపట్టి టైపు చేసి పెడుతుంది. దాన్ని కాలిబర్ అనే ఈబుక్ సాఫ్ట్‌వేర్‌లో ఈపబ్‌గా మార్చాను. రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కో కథ చేసేదాన్ని.

ఆ టైపులో తప్పులు బోలెడు. ‘ప’కీ ‘వ’కీ పోలిక బాగా దగ్గర కదా, పాత అచ్చులో గీతలు చెరిగి ఉంటే యంత్రం తికమక పడుతుంది. పప్పు కాస్తా వప్పు అయ్యేది. ఆపరేషనైన కంటితో అమ్మ ఆ తప్పులన్నీ పట్టింది. పొద్దున్నే నేను చుక్కలు వేస్తుంటే, కన్ను మూసుకునే, "నిన్నటి కథలో పిన్నిగారిని విన్నిగారిని చేశావు చూసుకున్నావా" అని మొదలెట్టేది. ఇద్దరం నవ్వుకోవడం అయ్యాక ఆ పేజీ దిద్దేదాన్ని. అబ్బాయి లేని ఇంట్లో రోజు గడవడానికి ఒక పని దొరికింది. దీనికి నక్షత్రాలు ఎన్ని ఇవ్వాలో తెలియదు.

ఇంకొక్క మెచ్చుకోలు. ఎండలో ఫోను తెర అద్దమైపోతుంది, దీనికి వెలుగు ఎంత ఎక్కువుంటే అంత హాయి. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో సాయంత్రాలు పుష్కరాల రేవు దాకా నడిచేదాన్ని. ధవళేశ్వరం దగ్గర వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటిది వచ్చిందని తెలిస్తే చాలు, ఊళ్లో సగంమంది ఎర్రనీళ్లు చూడటానికి రేవులోనే ఉంటారు. మెట్ల పైవరుసలో కూర్చుని నాలుగు పేజీలు, వచ్చే దారిలో ఒక రోజ్ మిల్క్. పులస కొన్నారా అని పక్కవాళ్లు అడుగుతారు, ధర విన్నాక మాట మార్చేస్తాం.

లోపాలు కూడా చెప్పాలి. పేజీ మారేటప్పుడు తెర అప్పుడప్పుడు నల్లగా ఒక్కసారి మెరుస్తుంది. పాత అక్షరాల మరక తుడవడానికి అది చేసే పని అదే, నాకు అలవాటైంది, అమ్మ మాత్రం పాడైందనుకుని రెండుసార్లు పిలిచింది. అంతకన్నా పెద్ద ఇబ్బంది వేలిది. పెద్దవాళ్ల వేళ్లు ఆరిపోయి ఉంటాయి, టచ్ తెర వాటిని ఒక్కోసారి లెక్కే చేయదు. వేలు అలాగే నొక్కి ఉంచితే మాటకి అర్థం చూపించబోతుంది, అర్థం ఎలాగూ దొరకదు, ఎందుకంటే నా దాంట్లో తెలుగు నిఘంటువు లేదు. అమ్మ వేలు నాలుకకి అద్దుకుని పేజీ తిప్పడం మొదలెట్టింది. నాకు చెప్పలేనంత చిరాకు, కానీ పనిచేసింది.

సెప్టెంబరులో జోడు వచ్చింది. పేపరు మళ్లీ పొద్దున్నే ఆవిడ చేతికే వెళుతోంది. మధ్యాహ్నం మాత్రం రీడర్ కావాలంటుంది, బొద్దు పుస్తకం గుండెలమీద పెట్టుకుంటే ఆయాసమట. ఎడమకంటి ఆపరేషన్ సంక్రాంతి తర్వాత. అప్పటికి ఇంకోటి కొనాలి. ఈసారి ఏడంగుళాలకు తగ్గనిది, పేజీ తిప్పడానికి పక్కన మీటలున్నది చూస్తున్నాను. తెలుగు స్కాన్లు చదవాలనుకునేవాళ్లెవరైనా ఆరంగుళాలది కొనకండి. వికీసోర్స్ ఈపబ్‌లూ, మీరే చేసుకున్నవీ చాలనుకుంటే ఇదే చాలు, పాతది దొరికినా తీసుకోవచ్చు, బ్యాటరీ ఒక్కటి చూసుకోండి.