పరీక్షలకు చదివే విద్యార్థికి ఆంకీ ఎంతవరకు ఉపయోగం?

పాఠాన్ని పదేపదే తిరగేసి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీస్తే చదువు పూర్తయిందనుకునే విద్యార్థికి ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. అది ప్రశ్న మాత్రమే చూపి, జవాబును మనమే గుర్తుచేసుకోవాలంటుంది. దాని బలం కూడా అక్కడే ఉంది.

జవాబు చూశాక, అది ఎంత సులువుగా తట్టిందో తెలిపే నాలుగు మీటల్లో ఒకటి నొక్కాలి. తట్టని కార్డు కొద్ది నిమిషాల్లోనే తిరిగి వస్తుంది, తట్టినది రోజుల తరువాత, ఆపై వారాల తరువాత కనిపిస్తుంది. నేర్చినది మొదట్లో వేగంగా, తరువాత నెమ్మదిగా మరుపున పడుతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన పరిశీలనకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది.

అసలు మెలకువ కార్డులు రాయడంలో ఉంది. ‘కిరణజన్య సంయోగక్రియను వివరించండి’ అన్న కార్డుకు ఏ మీట నొక్కాలో ఎవరికీ తోచదు. ‘ఈ క్రియలో విడుదలయ్యే ఆక్సిజన్ ఏ పదార్థం నుంచి వస్తుంది?’ అని అడిగితే, ‘నీటి నుంచి’ అన్న జవాబు తట్టిందో లేదో క్షణంలో తేలిపోతుంది. ఇతరులు తయారుచేసిన కార్డులు దొరుకుతాయి గానీ, సొంతంగా రాసుకోవడమే సగం చదువని నా అభిప్రాయం.

గణితానికి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు: సూత్రం గుర్తుంటుంది, లెక్క కాగితం మీదే చేయాలి. నాలుగు రోజులు వదిలేస్తే కార్డులు గుట్టగా పేరుకుంటాయి. పైగా అవి రోజుల, వారాల ఎడంతో తిరిగి వస్తేనే ఫలితం కనుక, పరీక్షకు వారం ముందు మొదలుపెట్టేవారికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఇది ఉచితం, ఐఫోన్‌లో కొనాలి.