ఇన్సులేషన్ గోడకు లోపలా, బయటా: ఏది మేలు?

మధ్యలో ఖాళీ వదలకుండా కట్టిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చూడటానికి దిట్టంగా ఉంటుంది కానీ, వేడిని ఆపడంలో మాత్రం దానికి అంత సత్తా లేదు. రెండు పొరలుగా కట్టిన గోడైతే మధ్య సందులోనే ఇన్సులేషన్, అంటే వేడి దాటకుండా ఆపే పదార్థం, నింపవచ్చు. ఇక్కడ సందే లేదు కాబట్టి లోపల అంటించాలి, లేదా బయట తొడగాలి. చాలామంది ముందు ఖర్చు అడుగుతారు. నేను ముందు చూసేది వేరు: పని పూర్తయ్యాక ఇటుక గోడ వెచ్చగా ఉంటుందా, చల్లబడుతుందా?

బయట 0 డిగ్రీలు, గదిలో 20 డిగ్రీలు అనుకుందాం. బయట 50 మిల్లీమీటర్ల థర్మోకోల్ తొడిగితే ఇటుక మొత్తం 15 డిగ్రీల పైనే ఉంటుంది. అదే మందం లోపల అంటిస్తే, థర్మోకోల్ వెనక ఇటుక ముఖం దాదాపు 4 డిగ్రీలకు పడిపోతుంది. గదిలో గాలి తేమ 50 శాతం ఉంటే, 9 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న చోట ఆవిరి నీరవుతుంది. అంటే కంటికి కనబడని చోట చెమ్మ చేరి బూజు పడుతుంది. గోడలోకి దిగిన చెక్క దూలాలుంటే వాటి కొనలు పుచ్చిపోతాయి. గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతాల్లో, వానకు తడిసిన ఇటుక పెచ్చులు ఊడే ప్రమాదమూ పెరుగుతుంది.

దీనికి విరుగుడుగా గది వైపు ఆవిరిని ఆపే పొర వేస్తారు. కాగితం మీద బాగానే ఉంటుంది. తర్వాత ఎవరో ఒకరు స్విచ్ బోర్డు కోసమో, ఫొటో తగిలించడానికో దానికి చిల్లు పెడతారు! అందుకే లోపల వేయక తప్పకపోతే, తేమను పీల్చి మళ్లీ వదిలే కాల్షియం సిలికేట్ పలకలో, చెక్క పీచు పలకలో వేసి, పైన సున్నపు పూత పూయడం నయం. ఉక్కపోత ప్రాంతాల్లో ఏసీ గదుల సంగతి పూర్తిగా తలకిందులు. అక్కడ ఆవిరి బయటి నుంచి లోపలికి వస్తుంది కాబట్టి, గది వైపు ప్లాస్టిక్ పొర వేస్తే దాని వెనకే నీరు పడుతుంది.

బయటి తొడుగుకు ఇంకో లాభం ఉంది. శ్లాబు అంచులు, అడ్డగోడలు కలిసే చోట్లు కూడా దాని కిందికే వస్తాయి. లోపల వేస్తే ఆ చోట్ల వేడి జారిపోతూనే ఉంటుంది. పైగా బయట తొడిగితే ఇటుక బరువంతా గది వైపే ఉండటంతో ఉష్ణోగ్రత త్వరగా మారదు. రోజంతా మనుషులుండే ఇంటికి ఇది వరం. అప్పుడప్పుడూ మాత్రమే వాడే గదికైతే లోపలి పొరే మేలు, గోడను కూడా వేడెక్కించే పని లేకుండా గది చప్పున వెచ్చబడుతుంది.

అయితే బయటి పని చిన్నది కాదు. పరంజా కట్టాలి, వాన గొట్టాలు జరపాలి, కిటికీ గడపలను, కొన్నిసార్లు చూరును కూడా ముందుకు పొడిగించాలి. గోడ సరిహద్దు మీదే ఉంటే తొడుగు పొరుగువారి స్థలంలోకి చొచ్చుకుపోతుంది. పాత రాతి ముఖం, చెక్కడాలు మరుగున పడతాయి, కొన్నిచోట్ల అనుమతే దొరకదు. ఎత్తైన భవనాలకు నిప్పు భయం కూడా చూడాలి. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు బయటి తొడుగు వెంటే పైకి పాకాయి, 72 మంది చనిపోయారు. అలాంటి చోట మండని రాతి ఉన్ని (రాయిని కరిగించి తీసిన పీచు) వాడాలి.

లోపలి పని ఒక్కో గది చొప్పున చేసుకోవచ్చు, వానాకాలం అడ్డురాదు. కానీ స్థలం పోతుంది: 3 మీటర్లకు 4 మీటర్ల గదిలో రెండు బయటి గోడలకు 10 సెంటీమీటర్ల పొర వేస్తే నేల దాదాపు 6 శాతం తగ్గుతుంది. అంత మందం అక్కర్లేదనే అంటాను. మొదటి 50 మిల్లీమీటర్లే గోడ గుండా పోయే వేడిని నాలుగో వంతుకు తగ్గిస్తాయి. దాన్ని రెట్టింపు చేసినా అదనంగా ఆదా అయ్యేది మొదట్లో పోయే వేడిలో పదో వంతుకు కాస్త పైన మాత్రమే. పైగా పొర మందమయ్యేకొద్దీ వెనక గోడ మరింత చల్లబడుతుంది.

వీలుంటే బయటే వేయించమని నా మాట. ముఖభాగం ముట్టుకోకూడని ఇల్లయితే ముందు వైపు లోపల పలచగా, మిగతా వైపులా బయట వేయించవచ్చు. రెండూ కలిసే మూల దగ్గర ఒకదాని మీదికి ఒకటి అర మీటరైనా వచ్చేలా చూడాలి. ఎటు వేసినా కారే గొట్టాలనూ, నేల నుంచి పైకి పాకే చెమ్మనూ ముందే బాగుచేయించి, గోడ ఆరాకే పని మొదలుపెట్టాలి.