డీటీహెచ్ బాక్సులో రికార్డింగులు డీవీడీకి ఎక్కించే చవక క్యాప్చర్ స్టిక్ – వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది మూడు స్టార్ల వస్తువే, కానీ నా పనికి దీన్ని మించింది ఏదీ దొరకలేదు. పేరూ ఊరూ లేని చైనా స్టిక్, ఆన్‌లైన్లో ఆరొందల లోపే. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర పసుపు ఎరుపు తెలుపు సాకెట్లు, పక్కన ఒక ఎస్ వీడియో. టీవీకి వెళ్ళే ఏవీ వైరు పీకి దీనికి పెడితే బొమ్మ కంప్యూటర్లోకి వస్తుంది, అంతే దీని పని.

మా ఇంట్లో లోపల హార్డ్ డిస్క్ ఉన్న పాత రికార్డింగ్ బాక్సు ఉంది. నాన్నగారు ఏళ్ళ తరబడి అందులో అష్టావధానాలు, హరికథలు, భద్రాచలం కల్యాణం లైవ్‌లు, ఎస్వీబీసీలో వచ్చిన గరుడసేవలు దాచుకున్నారు, మా అక్క కూతురు చిన్నప్పుడు కూచిపూడి చేసిన ప్రోగ్రామ్ కూడా అందులోనే ఉంది. ఇప్పుడా బాక్సు టిక్కు టిక్కుమంటోంది, ఆ చప్పుడు మొదలైందంటే హార్డ్ డిస్క్ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. యూట్యూబ్‌లో ఉంటాయిగా అంటారు, కొన్ని ఉన్నాయి నిజమే, ఆ కూచిపూడి మాత్రం ఎంత వెతికినా లేదు. పైగా నాన్నగారికి ఫోన్లో చూడటం అంటే చిరాకు, డిస్కు పెట్టాలి, రిమోట్ నొక్కాలి, పెద్ద టీవీలో రావాలి. అందుకే పెన్‌డ్రైవ్ కాకుండా డీవీడీలు.

బాక్సు విప్పి హార్డ్ డిస్క్ కంప్యూటర్‌కి పెట్టేస్తే పోలా అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. పని చెయ్యదండి. రికార్డింగ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆ బాక్సు, ఆ కార్డు ఉంటేనే తెరుచుకుంటుంది. బీరువా మనది, తాళంచెవి కంపెనీది. వెనకాల యూఎస్‌బీకి మన డిస్క్ పెట్టి రికార్డ్ చేసుకునే బాక్సులదీ ఇదే కథ, ముందు డిస్క్‌ని తన పద్ధతిలో ఫార్మాట్ చేసేస్తుంది, తర్వాత అది కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది, పొరపాట్న కూడా ఓకే కొట్టకండి. హెచ్‌డీఎంఐ క్యాప్చర్ స్టిక్కులు కూడా చవగ్గా వస్తున్నాయి గానీ డీటీహెచ్ బాక్సులు ఆ వైర్లో కాపీ చెయ్యనివ్వని హెచ్‌డీసీపీ లాక్ పెడతాయి, స్క్రీన్ మీద నలుపు తప్ప ఏం రాదు. కాబట్టి మిగిలింది పాత మూడు రంగుల వైరే.

ఇక స్టిక్ సంగతి. డ్రైవర్ చిన్న సైజు సీడీలో ఇస్తారు, డ్రైవ్‌లో ట్రే బయటికి రాకుండా డిస్కు లోపలికి లాక్కునే రకమైతే ఆ బుల్లి సీడీ అస్సలు పెట్టకండి, ఇరుక్కుంటుంది. అసలు తలనొప్పి ఏంటంటే బయట డబ్బా ఒకటే అయినా లోపల చిప్పు నాలుగు రకాలు, ఒకడి డ్రైవర్ ఇంకోదానికి పట్టదు. నాకొచ్చినదాంట్లో సింటెక్ చిప్పు, విండోస్‌లో సతాయించింది, లైనక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి పెడితే ఏ డ్రైవరూ అడక్కుండా ఎక్కేసింది. విండోస్‌లో వాడేవాళ్ళు ప్రైవసీ సెట్టింగ్స్‌లో కెమెరా, మైక్ రెండూ ఆన్ చెయ్యాలి, ఎందుకంటే దీని సౌండ్‌ని అది మైకు అనుకుంటుంది. బొమ్మ వస్తోంది సౌండ్ లేదు అని ఒక స్టార్ ఇచ్చినవాళ్ళలో సగం మందికి ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

కొత్త బాక్సుల్లో మూడు రంధ్రాలు ఉండవు, ఇయర్‌ఫోన్ లాంటి ఒకటే రంధ్రం ఉంటుంది, దానికి తగ్గ వైరు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కానీ ఆ వైర్లు అందరూ ఒకేలా చెయ్యరు. పసుపు పెట్టినచోట బొమ్మ రాకుండా స్పీకర్లో జుయ్ మని మోత వస్తే వైరు పోయిందని పారేయకండి, బొమ్మ సిగ్నల్ ఎరుపు వైర్లో వస్తూ ఉంటుంది, పిన్నులు అటూ ఇటూ మార్చి చూడండి.

క్యాప్చర్ మొదలుపెట్టాక షార్ట్‌కట్ ఏమీ లేదు, రెండు గంటల అవధానం రెండు గంటలు ఆడాల్సిందే. ప్లే నొక్కగానే కింద ప్రోగ్రామ్ పేరుతో పట్టీ వస్తుంది, అది పోయేదాకా ఆగి అప్పుడు రికార్డ్ కొట్టాలి, మధ్యలో ఎవరూ రిమోట్ ముట్టకూడదు, ముట్టారంటే ఆ పట్టీ డిస్క్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. మా ఇంట్లో రిమోట్ దాచేసి మరీ చేశాం. కంప్రెస్ చెయ్యకుండా రికార్డ్ పెట్టకండి, గంటకి దాదాపు 75 జీబీ తింటుంది, నేరుగా డీవీడీలు వాడే ఎంపెగ్ 2 ఫార్మాట్‌లో పెడితే డీవీడీకి మళ్ళీ మార్చే పని కూడా తప్పుతుంది. దీనికి స్టార్ కోసిన పెద్ద కారణం సౌండ్, గంట దాటేసరికి పెదాలకీ మాటకీ తేడా వచ్చేస్తుంది, అవధాని గారు పద్యం ఆపేశాక కూడా గొంతు వినపడుతూ ఉంటుంది. అరగంట ముక్కలుగా రికార్డ్ చేసి తర్వాత అతికిస్తే ఆ బాధ లేదు.

క్వాలిటీ గురించి ఉన్నదున్నట్టు చెప్తా. వచ్చేది 720×576, అంటే డీవీడీ ఎంతో అంత. పాత ఎస్‌డీ రికార్డింగులు బాక్సులో ఎలా కనపడ్డాయో దాదాపు అలాగే వచ్చాయి, కొంచెం రంగు మాత్రం తగ్గింది. హెచ్‌డీలో రికార్డ్ చేసిన కల్యాణం మాత్రం చూస్తే ప్రాణం ఉసూరుమంది, దూరంనుంచి తీసిన షాట్లలో మంటపం మీద ఎవరు ఎవరో తెలీదు. హెచ్‌డీ కోసమే కొనేవాళ్ళు డబ్బులు దండగ చేసుకోకండి. కూచిపూడి కంప్యూటర్లో చూస్తే చేతులు వేగంగా తిప్పిన ప్రతిచోటా సన్నటి అడ్డ గీతలు కనపడతాయి, కంగారు పడక్కర్లేదు, అది ఇంటర్లేస్ సిగ్నల్, అంటే ఒక్కో బొమ్మని గీత విడిచి గీత చొప్పున రెండు సగాలుగా పంపే పద్ధతి, టీవీలో డీవీడీ ప్లేయర్లో వేస్తే ఉండవు. టీవీలో కూడా బొమ్మ వణుకుతోందంటే ఫీల్డ్ ఆర్డర్ తేడా, అంటే ఆ రెండు సగాల్లో ఏది ముందో తారుమారైందని, సాఫ్ట్‌వేర్‌లో టాప్ ఫీల్డ్ ఫస్ట్ అని ఉంటుంది అది పెట్టి మళ్ళీ చెయ్యండి.

యాడ్స్ కట్ చెయ్యడానికి అవిడెమక్స్ వాడా, ఫ్రీ. మొదట్లో అన్నీ పీకేశా, తర్వాత అమ్మ చూసి ఆ పాత నగల షాపు యాడ్లు ఉంచరా బాగున్నాయి అంది, నిజమే కూడా, ఇప్పుడవి ఎక్కడా దొరకవు, అందుకని కొన్నిట్లో వదిలేశా. మెనూ చెయ్యడానికి డీవీడీ స్టైలర్, రాయడానికి ఇమ్‌గ్‌బర్న్, రెండూ పైసా ఖర్చు లేనివే.

4.7 జీబీ డిస్క్‌లో ఎంత పట్టించాలో మాత్రం ప్రోగ్రామ్‌ని బట్టి చూసుకోవాలి. అవధానంలో అందరూ కూర్చునే ఉంటారు, రెండు గంటలు ఒక డిస్క్‌లో కుక్కినా తేడా తెలీదు. డాన్స్‌కి అలా చేస్తే గళ్ళు గళ్ళుగా పగులుతుంది, గంటకి ఒక డిస్క్ పెట్టండి. ఖాళీ డిస్కులు ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది, ఒకప్పుడు మోజర్ బేర్ డబ్బాలు సందుకో షాపులో ఉండేవి, ఆ కంపెనీ 2018లోనే లిక్విడేషన్‌కి పోయింది. నాకు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరికాయి. స్పీడ్ 4లో పెట్టి రాస్తే పావుగంట పట్టింది, మా పాత ప్లేయర్ వాటన్నిటినీ తీసుకుంది.

అమెరికాలో ఉన్న అక్కకి కూచిపూడి కాపీ పంపాల్సొచ్చినప్పుడు ఇంకోటి చూసుకోవాల్సి వచ్చింది. టీవీ సిగ్నల్ పద్ధతి మన దగ్గర పాల్, వాళ్ళ దగ్గర ఎన్‌టీఎస్‌సీ, మన ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడతాయి గానీ అక్కడి ప్లేయర్లు చాలా వాటికి పాల్ డిస్క్ పడదు. అందుకని వాళ్ళ కోసం వేరేగా ఎన్‌టీఎస్‌సీలో మార్చి రాశా. ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్ళకైతే ఈ గోల అక్కర్లేదు.

చివరిగా, పాత బాక్సు ఎలాగూ పోయేదే కదా అని ముందే ప్యాక్ ఆపేయకండి. మాది రీచార్జ్ అయిపోయిన రోజు రికార్డింగులు కూడా ప్లే అవ్వలేదు, కస్టమర్ కేర్ వాళ్ళు అంతేనండి అన్నారు. అన్నీ డిస్కులకి ఎక్కేదాకా చిన్న ప్యాక్ ఏదో ఒకటి నడిపించండి, ఏ రికార్డింగ్ ముఖ్యమో దాంతోనే మొదలుపెట్టండి.