కొండ ఊళ్లకూ సరస్సు తీరాలకూ చిన్న కారు: ఆరేళ్ల తర్వాత నా అభిప్రాయం

రోమ్‌లో ఉద్యోగం చేస్తూ, ఆరేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా మధ్య ఇటలీలోని ఉత్తర లాజియో, ఉంబ్రియా ప్రాంతాల కొండ ఊళ్లను, సరస్సు తీరాలను ఒక పాత చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో చుట్టివస్తున్నాను. ఈ తిరుగుళ్లలో కారు ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ గుదిబండ అవుతుందో ఇప్పటికి తెలిసివచ్చింది.

కొండ ఊళ్లకు కారు గుమ్మం దాకానే తోడు. రోమన్లకు ముందు ఇక్కడ వర్ధిల్లిన ఎట్రుస్కన్ల కాలం నాటి ఊరు చివితా ది బాన్యోరేజోకు కార్లు వెళ్లే దారే లేదు. దూరంగా ఆపి, రుసుము చెల్లించి, పొడవైన కాలివంతెన ఎక్కాలి. పైన అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి, దాని కింద బంకమన్ను. ఆ మన్ను కోసుకుపోతున్నకొద్దీ అంచులు విరిగిపడి ఊరు చిక్కిపోతోంది. ఓర్వియెతోలోనైతే కారును రైల్వే స్టేషన్ దగ్గర వదిలి, కొండ మీదికి తీగతో లాగే రైలు (ఫ్యునిక్యులర్) ఎక్కి, 1290లో కట్టడం మొదలుపెట్టిన కెథడ్రల్‌ను తీరిగ్గా చూడటం మేలు. ఈ బుద్ధి నాకు జరిమానా కట్టాకే వచ్చింది: మరో ఊళ్లో ముందు కారు వెనకే పోతూ, బయటి వాహనాలకు ప్రవేశం లేదని చెప్పే ‘జెడ్‌టీఎల్’ పలకను నేను చూడలేదు, కెమెరా నన్ను చూసింది.

కారు విలువంతా సరస్సుల దగ్గరే. ఉదయం మోంతెఫియాస్కోనె ఎత్తు నుంచి బొల్సేనా సరస్సును చూసి, మధ్యాహ్నం తీరంలోని మార్తా ఊళ్లో చేపల భోజనం చేసి, పొద్దు గూకేలోపు బొల్సేనా పట్టణం చేరడం బస్సులను నమ్ముకుంటే కుదరదు. సుమారు 150 మీటర్ల లోతున్న ఈ అగ్నిపర్వత సరస్సుతో పోలిస్తే ఉంబ్రియాలోని త్రాసిమేనో సరస్సు విశాలమే గానీ, దాని లోతు ఆరు మీటర్లకు అటూ ఇటూ. క్రీ.పూ. 217లో కార్తేజ్ సేనాని హనిబల్ రోమన్ సేనను పొగమంచు మాటున చుట్టుముట్టింది దాని ఉత్తర తీరంలోనే. ఒక నవంబరు ఉదయం అక్కడ దారి కనిపించక గంటసేపు బండి ఆపుకున్నప్పుడు, ఆ సేన మీద నాకు జాలి కలిగింది.

పర్యాటకులు భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి. ఇక్కడ స్థిరపడేవారికి మాత్రం ఏడాది తర్వాత ఇటలీ లైసెన్సు తప్పదు. మనది మార్చి ఇవ్వరు కనుక నేను ఇటాలియన్‌లో పరీక్ష రాయవలసి వచ్చింది.

అద్దెకు తీసుకునేవారు పెద్ద బండి జోలికి పోవద్దు. గుంటూరు నుంచి వచ్చిన మా బావగారు వద్దన్నా వినకుండా ఏడు సీట్ల బండి తీసుకున్నారు. ఒక సందులో అద్దాలు రెండూ మడిచి, నేను దిగి సైగలు చేస్తూ ఆయనను వెనక్కి రప్పించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.