చిన్న ట్రాక్టరు స్టీరింగ్ లూజు: స్క్రూ బిగించడమా, బాక్స్ దించడమా, బాల్ జాయింట్ మార్చడమా?

బంగారుపాళెం పక్కన మా మామిడి తోటలో చిన్న ట్రాక్టరు ఒకటుంది. చెట్ల మధ్య రోటవేటరు తిప్పడానికి, సీజన్లో తోతాపురి కాయలు రోడ్డు దాకా చేర్చడానికి అదే ఆధారం. మొన్న వేసవిలో దానికి రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయి. స్టీరింగ్ చాలా దూరం తిప్పితేగానీ ముందు చక్రం కదలదు. కదిలాక బండి ఎడమకే లాగుతుంది.

చిత్తూరులో ఒక షెడ్డుకు తీసుకెళ్తే, "బాక్స్ పోయిందన్నా, దించాల్సిందే" అన్నారు. బాక్స్ అంటే స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాల రాడ్లకు అందించే పళ్ల పెట్టె. మా బావేమో, "బాక్స్ మీద స్క్రూ ఉంది కదరా, కాస్త బిగిస్తే సరి" అన్నాడు. ఆ రాడ్లను కలిపే బాల్ జాయింట్ల (గిన్నెలో గుండు తిరిగే కీళ్ల) మాట ఇద్దరూ ఎత్తలేదు. ఖర్చు లేదు కదా అని ముందు బావ మాటే విన్నాను.

స్క్రూ బిగించిన రోజు రోడ్డు మీద బండి బ్రహ్మాండంగా పోయింది. తోటలో సాలు చివర మలుపు తిప్పబోతే స్టీరింగ్ పట్టేసింది. తిప్పాక తనంతట తాను వెనక్కి రావడం కూడా మానేసింది. బాక్స్ లోపలి పళ్లు ఎక్కువగా అరిగేది నడిమధ్యలోనే, బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి. అక్కడి అరుగుదలకు సరిపడా బిగిస్తే, అరగని పక్కభాగం ఒరుసుకుంటుంది. కొద్దిపాటి ప్లే (ఖాళీ తిరుగుడు) ఉంటే పుస్తకంలో చెప్పినంత సర్దడానికే ఆ స్క్రూ. ఎక్కడో వదులైన జాయింటు లోటు తీర్చడం దాని వల్ల కాదు. ఆ సాయంత్రమే మళ్లీ పాత చోటికి తిప్పేశాను.

అప్పుడు చేశాను ముందే చేయాల్సిన పని. చదునైన చోట ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టాం. మావాడు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే నేను ముందు వైపు వంగి చూశాను. బాక్స్ నుంచి బయటికొచ్చే చేయి, డ్రాప్ ఆర్మ్ అంటారు, వెంటనే కదులుతోంది. అంటే బాక్స్‌లో పెద్ద తప్పేమీ లేదు. దాని తరువాతి బాల్ జాయింట్ దగ్గర మాత్రం గుండు తన గిన్నెలో ఎగిరి పడుతోంది, అవతలి రాడ్డు ఆలస్యంగా కదులుతోంది. పైనున్న రబ్బరు టోపీ ఎప్పుడో చినిగిపోయింది. రోటవేటరు లేపే దుమ్ము గ్రీజులో కలిస్తే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. టోపీ చినిగిందని గమనించనిది నేనే, ఎవరిని అంటాం?

కాబట్టి నా ఓటు బాల్ జాయింటుకే. ఖర్చు వందల్లో తేలుతుంది, పూట పని. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టుకుని, కొత్తది అన్ని చుట్లే ఎక్కించాలి. మార్చాక రెండు ముందు టైర్ల మధ్య దూరం టేపుతో కొలవాలి. ముందు వైపు కొలత వెనక వైపు కన్నా కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎంతన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఇది తప్పితే టైరు ఒక అంచున రంపంలా అరుగుతుంది. పనిలో పనిగా చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే, కింగ్ పిన్ (చక్రం పక్కకు మళ్లే కుదురు) బుష్‌లు, హబ్ (చక్రం నడిమి) బేరింగ్ వదులయ్యాయా అన్నదీ తెలుస్తుంది.

బాక్స్ దించాల్సి వచ్చేదెప్పుడంటే, స్టీరింగ్ తిరుగుతున్నా డ్రాప్ ఆర్మ్ కదలనప్పుడు, సర్దినా ఆ ప్లే పోనప్పుడు. అది వేలల్లో ఖర్చు, బండి రోజుల తరబడి షెడ్డులోనే.

జాయింట్ మారాక లూజు పోయింది. ఎడమకు లాగడం మాత్రం పోలేదు! తీరా చూస్తే ఎడమ ముందు టైరులో గాలి తక్కువ. సర్కారు కంప ముల్లు ఒకటి గుచ్చుకుని, రోజుకింత గాలి పోతోంది. మెత్తబడిన వైపుకే బండి లాగుతుంది. కంటికి రెండు టైర్లూ ఒకేలా కనిపించాయి, గేజీ పెడితేగానీ తేలలేదు. లారీలకు వాడే గేజీతో చిన్న ట్రాక్టరు టైరు చూపిస్తే లెక్క సరిగా రాదు, తక్కువ ప్రెషర్ చదివే గేజీ ఒకటి కొనుక్కోవడం మేలు.

ఆ ముల్లుకూ మూడు దారులు చెప్పారు. ట్యూబులో పోసే సీలెంటు ద్రవం సన్న బెజ్జాన్ని మూస్తుంది కానీ, ముల్లు టైరులోనే ఉంటే మళ్లీ మళ్లీ గుచ్చుతూనే ఉంటుంది. పైగా ద్రవంతో తడిసిన ట్యూబు మీద ప్యాచ్ సరిగా అంటదు. పొలం మధ్యలో ఆగిపోతే ఇల్లు చేరడానికి తప్ప నేనది పోయను. ఒకటి రెండు బెజ్జాలైతే ఇస్త్రీపెట్టెలా కాల్చి అతికే హాట్ ప్యాచ్ చాలు. మన ఎండలకు చల్లగా అతికిన ముక్క కన్నా అదే నిలుస్తుంది. ట్యూబంతా అతుకులైనా, వాల్వు మొదట్లో చీలినా కొత్తది వేయించండి. ఏది చేసినా టైరు లోపల గుడ్డతో తడిమించాలి. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లుంది. మా టైరులో ఇలా తడిమితే దొరికినవి మూడు.