యాభై అరవై వేలలో టచ్ కన్వర్టబుల్ కొనాలా, మామూలు ల్యాప్‌టాప్ పక్కన ఒక ట్యాబ్ మేలా?

జూన్, జులై వచ్చిందంటే చాలా ఇళ్లలో ఇదే చర్చ. అమ్మాయి ఇంజినీరింగ్‌లోనో అబ్బాయి డిగ్రీలోనో చేరుతున్నారు, ల్యాప్‌టాప్ కొనాలి, చేతిలో ఉన్నది యాభై అరవై వేలు. షాపుకెళ్తే అక్కడి కుర్రాడు ఒక మోడల్ తీసి, స్క్రీన్‌ని వెనక్కి తిప్పేసి, ట్యాబ్‌లా మడిచి, వేలితో నాలుగు ఫొటోలు జరిపి చూపిస్తాడు. ఇలా మడిచే ల్యాప్‌టాప్‌నే కన్వర్టబుల్ అంటారు. చూడ్డానికి భలే ఉంటుంది. "ఒక్కటి కొంటే రెండూ వచ్చేసినట్టే మేడమ్" అంటాడు. రెండూ వచ్చే మాట నిజమే. ఏది ఎంత మేరకు వస్తుందన్నదే తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్క్రీన్ మీద పెన్నుతో రాసే పని వారంలో ఎక్కువ రోజులు ఉంటే కన్వర్టబుల్ కొనండి. లేదంటే ఆ డబ్బు ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద పెట్టండి. ఇంకో దారి కూడా ఉంది: కాస్త తక్కువలో మామూలు ల్యాప్‌టాప్, మిగిలిన దాంతో పెన్నున్న ట్యాబ్. ఇద్దరు ముగ్గురు వాడుకునే ఇంటికి ఇదే బాగా సరిపోతుంది.

మడత ఖరీదు

స్క్రీన్ 360 డిగ్రీలు తిరిగే ల్యాప్‌టాప్‌లు 2012లో విండోస్ 8తో పాటే లెనోవో యోగా పేరుతో వచ్చాయి. అప్పట్లో అవి సామాన్యులకు అందే ధరలో లేవు. 2014లో హెచ్‌పీ పెవిలియన్ ఎక్స్360 వచ్చాక ఈ రకం కాస్త కిందికి దిగింది. తర్వాత డెల్ ఇన్‌స్పిరాన్ టూ-ఇన్-వన్, లెనోవో ఐడియాప్యాడ్ ఫ్లెక్స్, ఆసుస్ వివోబుక్ ఫ్లిప్, ఏసర్ స్పిన్ వరుస కట్టాయి.

అయినా మడతకు ఖర్చు ఉంది. తిరిగే బలమైన హింజ్ (స్క్రీన్‌ను బాడీకి కలిపే మడతబందు), టచ్ గ్లాస్, స్క్రీన్ ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్లు ఊరికే రావు. ఒకే ప్రాసెసర్, ఒకే ర్యామ్ ఉన్న రెండు మోడళ్లు పక్కపక్కన పెడితే కన్వర్టబుల్‌కు కొన్ని వేలు ఎక్కువ పడుతుంది. రెండింటి ధరా ఒకటే అంటున్నారంటే లోపల ఎక్కడో కోత పడిందని అర్థం. ఐ5 ప్రాసెసర్ ఉండాల్సిన చోట ఐ3 ఉంటుంది, 16 జీబీ ర్యామ్ ఉండాల్సిన చోట 8 ఉంటుంది. ఆ 8 కూడా బోర్డుకే అతికించి ఉంటే రేపు పెంచుకునే వీలుండదు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది బాగా చవకగా దొరికే టచ్ మోడళ్లతో. వాటిలో కొన్నిటికి ఫైళ్లు దాచడానికి ఎస్ఎస్‌డీ బదులు ఈఎంఎంసీ అనే నెమ్మదైన స్టోరేజ్ ఉంటుంది. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ సెకనుకు వేల మెగాబైట్లు చదువుతుంటే ఇది కొన్ని వందల దగ్గరే ఆగిపోతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉంటే విండోస్ 11 ఎక్కుతుందని మైక్రోసాఫ్టే చెబుతుంది కదా అంటారేమో. అది పదో తరగతిలో 35 మార్కుల లాంటిది, గట్టెక్కడం వరకే. అప్‌డేట్లు రెండుసార్లు పడేసరికి 64 జీబీలో సొంత ఫైళ్లకు చోటు మిగలదు. ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న ప్రాసెసర్ ఉన్నవి బ్రౌజింగ్‌కు, వర్డ్‌లో టైపింగ్‌కు పర్వాలేదు. జూమ్ క్లాసు నడుస్తుండగా పక్కన పీడీఎఫ్, వెనక బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిస్తే నత్తనడకే.

కాబట్టి కన్వర్టబుల్‌కు నా కనీస హద్దు ఇది: కోర్ ఐ3 12వ తరం లేదా రైజెన్ 5, 8 జీబీ ర్యామ్ (వీలైతే 16), 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. ఇంతకంటే కిందికి దిగి టచ్ కోసం కొనడం నాకు సమ్మతం కాదు.

నాలుగు భంగిమలు, వాడేది రెండు

డబ్బా మీద ల్యాప్‌టాప్, స్టాండ్, టెంట్, ట్యాబ్లెట్ అని నాలుగు బొమ్మలు ఉంటాయి. వీటిలో టెంట్ మోడ్ నిజంగా పనికొస్తుంది. వంటగట్టు మీద గుడారంలా నిలబెట్టి వీడియో చూస్తూ వంట చేసుకోవచ్చు, కీబోర్డు మీద పిండి పడదు. రైల్లో సైడ్ బెర్త్ దగ్గర చిన్న బల్ల మీద కూడా ఇలాగే నిలుస్తుంది.

ట్యాబ్లెట్ మోడ్ దగ్గరే ఆశాభంగం. 14 అంగుళాల కన్వర్టబుల్ కిలోన్నర తూగుతుంది. మామూలు ఐప్యాడ్ బరువు 477 గ్రాములు, శాంసంగ్ ట్యాబ్ ఎస్6 లైట్ కూడా అరకిలో లోపే. పడుకుని ఛాతీ మీద పెట్టుకుని చదువుకుందామంటే కిలోన్నర ఎంతసేపు మోస్తాం? పైగా మడిచినప్పుడు కీబోర్డు వెనక్కి పోతుంది. కీలు పనిచేయవు గానీ వేళ్ల కింద కదులుతూనే ఉంటాయి. బల్ల మీదో ఒళ్లోనో పెట్టుకుని రాసుకోవడానికే ఇది అక్కరకొస్తుంది.

విండోస్ సంగతీ చూడాలి. విండోస్ 10లో ఉన్న ప్రత్యేక ట్యాబ్లెట్ మోడ్‌ను 11లో తీసేశారు. స్క్రీన్ మడవగానే ఐకాన్లు కాస్త దూరం జరుగుతాయి, అంతే. ఆండ్రాయిడ్ యాప్‌లను విండోస్‌లో నడిపించే ఏర్పాటు కూడా 2025 మార్చి 5తో ఆగిపోయింది. ఫోన్‌లో ఉన్నట్టే యాప్‌లన్నీ వేలితో వాడుకోవచ్చనుకుని కొంటే నిరాశే.

పెన్నే అసలు సంగతి

ఇన్ని లోపాలు చెప్పి కూడా కొందరికి కన్వర్టబులే కొనమంటున్నానంటే కారణం పెన్ను.

లెక్కల విద్యార్థి ఇంటిగ్రేషన్ గుర్తో మాత్రికో టైప్ చేయాలంటే మెనూలో వెతుక్కోవాలి. చేత్తో అయితే ఒక్క గీత. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే మాస్టారు వన్‌నోట్ అనే నోట్సు యాప్ తెరిచి, స్క్రీన్ షేర్ చేసి, నల్లబల్ల మీద రాసినట్టే రాసుకుంటూ పోవచ్చు. సైన్సు వాళ్లకే కాదు. తెలుగు లెక్చరర్ ఉత్పలమాల పాదాన్ని గణవిభజన చేయాలనుకోండి. పద్యం తెర మీద ఉంటుంది, అక్షరాల నెత్తిన గురులఘువుల గుర్తులు పడాలి, మూడేసి అక్షరాలకు అడ్డగీత గీసి భ, ర, న అని రాయాలి, యతిస్థానం దగ్గర సున్నా చుట్టాలి. కీబోర్డుతో ఈ పని చేయించుకోవడం కంటే కాగితం మీద రాసి ఫొటో పంపడం నయం. పెన్నుతో అయితే పద్యం చదువుతూ చదువుతూనే అయిపోతుంది. స్కాన్ చేసి పంపిన జవాబు పత్రాలు దిద్దడం, పీడీఎఫ్‌ల మీద సంతకం పెట్టడం కూడా ఇలాంటి పనులే. ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పీడీఎఫ్ తెరిచి నేరుగా గీయొచ్చు.

అయితే టచ్ ఉన్నంత మాత్రాన పెన్ను పనిచేస్తుందని లేదు. వంద రూపాయల రబ్బరు మొన పెన్ను వేలికి బదులుగా పనికొస్తుంది, రాతకు పనికిరాదు. అసలు పెన్నుల్లో మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్ ఒక రకం, వాకామ్ ఏఈఎస్ ఇంకో రకం, క్రోమ్‌బుక్‌లలో (విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లు) ఎక్కువగా కనిపించే యూఎస్ఐ మరో రకం. ఒకదానికి చేసింది మరో దాని మీద రాయకపోవచ్చు. పెన్ను డబ్బాలోనే ఇస్తున్నారా, విడిగా కొనాలా, ఏ రకం అన్నది మోడల్ నంబర్‌తో సహా అడిగి తెలుసుకోండి.

షాపులో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. పెయింట్ తెరిచి, పెన్నుతో ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా, వీలైనంత నెమ్మదిగా గీత గీయండి. గబగబా గీస్తే ఏ స్క్రీన్ మీదైనా గీత నున్నగానే వస్తుంది. నెమ్మదిగా గీసినప్పుడే కొన్నిటిలో మెట్లు మెట్లుగా, వంకర్లు తిరుగుతూ వస్తుంది. మన లిపి అంతా గుండ్రాలే కాబట్టి ఆ వణుకు మనకు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. చిన్నగా రాసిన వట్రసుడి అయితే నలిగిన ముగ్గులా పడుతుంది. తర్వాత అరచేయి గ్లాసు మీద ఆనించి రెండు వాక్యాలు రాయండి. చేయి ఆనిన చోట మరకలు పడితే వదిలేయండి. పనిలో పనిగా స్క్రీన్‌లో పైనున్న ట్యూబ్‌లైటు ఎంత మెరుస్తోందో కూడా చూడండి. టచ్ స్క్రీన్లు చాలావరకు నిగనిగలాడే గ్లాసువే. కిటికీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్లకు ఇది పెద్ద చిరాకు.

మామూలు ల్యాప్‌టాప్ బలం

చెప్పుకోవడానికి విశేషాలేమీ లేవు, అదే దాని బలం. అదే డబ్బుకు ఒక మెట్టు పై ప్రాసెసర్, మెరవని స్క్రీన్, చాలా 15.6 అంగుళాల మోడళ్లలో నంబర్ ప్యాడ్, కొన్నిటిలో ర్యామ్ పెంచుకునే స్లాట్ వస్తాయి. ట్యాలీలో పద్దులు రాసేవాళ్లకు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లకు, కోడింగ్ నేర్చుకునేవాళ్లకు తెరను వేలితో తాకే పని దాదాపు ఉండదు. మామూలు భంగిమలో తెరను వేలితో నొక్కితే స్క్రీన్ ఊగుతుంది కూడా. నాలుగు రోజులు సరదాగా నొక్కి, మళ్లీ మౌస్ దగ్గరికే వస్తారు.

ల్యాప్‌టాప్, పక్కన ట్యాబ్

35 నుంచి 40 వేలలో బ్రౌజింగ్, ఆఫీస్, చదువు పనులకు సరిపోయే ల్యాప్‌టాప్ చూసుకుని, మిగిలింది ట్యాబ్‌కు పెట్టడం మూడో దారి. శాంసంగ్ ఎస్6 లైట్‌కు ఎస్ పెన్ అనే పెన్ను డబ్బాలోనే వస్తుంది, దానికి ఛార్జింగ్ బెడద కూడా లేదు. ఐప్యాడ్ అయితే యాపిల్ పెన్సిల్ అనే పెన్ను విడిగా కొనాలి, అక్కడే బడ్జెట్ దాటిపోతుంది.

ఇందులో నాకు నచ్చేది ఒకే సమయంలో ఇద్దరు వాడుకోగలగడం. పిల్ల ల్యాప్‌టాప్ మీద అసైన్‌మెంట్ చేసుకుంటుంటే నాన్నమ్మ ట్యాబ్‌లో ప్రవచనం వింటుంది. కన్వర్టబుల్ ఎంత మడిచినా రెండు కాదు. ఒకటి రిపేరుకు వెళ్తే రెండోది చేతిలో ఉంటుంది. వన్‌నోట్ విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది కాబట్టి ట్యాబ్‌లో రాసిన నోట్సు ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు ఛార్జర్లు, రెండిటికీ కవర్లు, హాస్టల్లో రెండు వస్తువులకు కాపలా. పది పదకొండు అంగుళాల తెర మీద ఏ4 పేజీ చిన్నగా కనిపిస్తుంది. 16:10 (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 10) తెరున్న 14 అంగుళాల కన్వర్టబుల్‌ను నిలువుగా పట్టుకుంటే పేజీ దాదాపు అసలు సైజులో కనిపిస్తుంది. గంటల తరబడి పేపర్లు దిద్దే మాస్టారికి ఈ తేడా చిన్నది కాదు.

టచ్ క్రోమ్‌బుక్ గురించి కూడా అడుగుతారు. ధర తక్కువ, ప్లే స్టోర్ యాప్‌లు నడుస్తాయి, 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ట్యాలీ, పేజ్‌మేకర్, కాలేజీ ల్యాబ్‌లో చెప్పే విండోస్ సాఫ్ట్‌వేర్ మాత్రం అందులో ఎక్కవు. స్కూలు పిల్లలకు చాలు, ఇంజినీరింగ్ పిల్లలకు వద్దు.

హింజ్, రిపేరు

చవక కన్వర్టబుల్‌లో ముందు దెబ్బతినేది హింజ్ దగ్గరే. హింజ్ లోహమే అయినా దాన్ని బిగించిన స్క్రూలు ప్లాస్టిక్ బాడీలో ఉంటాయి. స్క్రీన్‌ను ఒక మూల పట్టుకుని లాగుతుంటే బరువంతా ఒక హింజ్ మీదే పడి, లోపలి ప్లాస్టిక్ చిట్లుతుంది. పైకి ముందు కనిపించేది మూతకూ బాడీకీ మధ్య సన్నని సందు. అది కనిపించిన రోజే చూపించుకోవాలి. ఎప్పుడూ పై అంచు మధ్యలో పట్టుకుని తెరవడం అలవాటు చేసుకోండి.

తెర పగిలితే తేడా ఇంకా తెలుస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ ప్యానెల్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) లాంటి చోట తేలిగ్గా దొరుకుతుంది. కన్వర్టబుల్‌లో గ్లాసూ తెరా కలిపి అతికించి ఉంటాయి కాబట్టి గ్లాసు ఒక్కటే పగిలినా మొత్తం మార్చమంటారు. బిల్లు మామూలు దాని కంటే బాగా ఎక్కువ అవుతుంది.

సీటీసీ అనగానే సెకండ్ హ్యాండ్ గుర్తొస్తుంది. కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ ఎక్స్1 యోగా, ఎలైట్‌బుక్ ఎక్స్360 లాంటివి కొత్త చవక మోడళ్ల కంటే గట్టి హింజ్‌తో ఉంటాయి. ఎక్స్1 యోగాలో పెన్ను బాడీలోనే దాగుంటుంది. కొనేముందు ప్రాసెసర్ తరం చూడండి. విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరమైనా ఉండాలి. బ్యాటరీ పాతబడి ఉంటుంది కాబట్టి దాని మార్పిడి ఖర్చు ముందే కలుపుకోండి.

మొత్తం మీద మ్యాథ్సో ఫిజిక్సో చదివే హాస్టల్ విద్యార్థికి, ఆన్‌లైన్ పాఠాలు చెప్పే టీచర్‌కు కన్వర్టబులే ఇప్పిస్తాను. కోడింగ్, ట్యాలీ, డీటీపీ వాళ్లకు మామూలుదే. డిగ్రీ చదివే పిల్లలు, పెద్దవాళ్లు కలిసి ఉన్న ఇంటికి ల్యాప్‌టాప్, ట్యాబ్. కన్వర్టబుల్ వైపే మనసు లాగుతుంటే పెన్ను ధర, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ (పొరపాటున పాడైతే బాగుచేయించే ప్లాన్) ధర కూడా కలిపి మామూలు దాంతో పోల్చండి. కంపెనీ ఏడాది వారంటీలో సాధారణంగా పగిలిన తెర రాదు, ఆ ప్లాన్‌లో అది ఉందో లేదో, కొన్న ఎన్ని రోజుల్లోపు తీసుకోవాలో బిల్లు వేయించేముందే అడగండి.