సూర్యాపేట–కోదాడ మధ్య పంక్చర్ షాపు: కొన్నేళ్లుగా వెళ్తున్నవాడి మాట

హైదరాబాద్–విజయవాడ హైవే మీద పంక్చర్ షాపులకు కొదవ లేదు. అయినా సూర్యాపేట దాటి కోదాడ చేరేలోపు ఎడమ పక్కన కనిపించే ఒక రేకుల షెడ్డునే నేను కొన్నేళ్లుగా నమ్ముకున్నాను. షాపుకు పేరు లేదు. నిలబెట్టిన లారీ టైరు మీద తెల్ల పెయింటుతో 'పంక్చర్' అని రాసి ఉంటుంది, అంతే. కేరళ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన అన్న నడుపుతున్నాడు.

నాకు నచ్చింది, పని మొత్తం మన కళ్ల ముందే చేయడం. చక్రం విప్పగానే మేకు లాగేయడు. ముందు గాలి నింపి, సబ్బు నీళ్లు చల్లి, మెల్లగా తిప్పుతూ చుట్టూ చూపిస్తాడు. బుడగలు వచ్చిన చోట సుద్దముక్కతో గీస్తాడు. "ఒక్కటే సార్, ఇంకెక్కడా లీక్ లేదు, మీరూ చూడండి" అంటాడు. ఇది చిన్న విషయం కాదు. ఇదే రూట్లో వేరే షాపులో, మేం టీ తాగి వచ్చేలోపు ఒక పంక్చర్ కాస్తా నాలుగైంది. ఒక్కో పంక్చర్‌కి ఇంత అని తీసుకునే పని కదా, సూదితో ఇంకో మూడు పోట్లు పొడిస్తే అడిగేవాడుండడు. రాత్రిపూట పిల్లలతో ఉన్నవాళ్లు గొడవకు దిగరని వాళ్లకు తెలుసు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ట్యూబ్‌లెస్ టైరుకి మామూలుగా అందరూ జిగురు రబ్బరు స్ట్రిప్ వేసి పంపిస్తారు. బయటి నుంచే గుచ్చేస్తారు, పది నిమిషాల్లో అయిపోతుంది. ఈ అన్న మాత్రం రంధ్రం కాస్త పెద్దగా ఉంటే పుట్టగొడుగులా కాడ ఉండే మష్రూమ్ ప్యాచ్ వేయించుకోమంటాడు. దానికి టైరును రిమ్ నుంచి ఊడదీసి, లోపలి రబ్బరు గీకి, సొల్యూషన్ పూసి, కాడను లోపలి నుంచి బయటికి లాగాలి. శ్రమ ఎక్కువ, డబ్బూ రెండింతల పైనే. కానీ లోపల అతుకు, రంధ్రంలో కాడ, రెండూ గాలిని ఆపుతాయి. నాకు వేసిన ప్యాచ్ ఆ టైరు అరిగిపోయి మార్చేదాకా నిలిచింది.

ఒకసారి రాయి తగిలి టైరు సైడ్‌వాల్, అంటే పక్క భాగం, చీలింది. అతికించమంటే ఒప్పుకోలేదు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ భాగం వంగుతూ ఉంటుందని, ప్యాచ్ నిలవదని, లోపలి దారాలు తెగితే స్పీడులో టైరు పేలిపోతుందని చెప్పాడు. నిజమే, ప్యాచ్ అన్నది రోడ్డుకు ఆనే భాగంలో, సుమారు 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే పనికొస్తుంది. స్టెప్నీ బిగించి, అందులో గాలి తక్కువుంటే నింపి, "కోదాడలో ఆగి నట్లు ఒకసారి బిగించుకోండి సార్" అని పంపాడు. పాత టైరు అంటగట్టడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు, అయినా ఆ మాటే ఎత్తలేదు.

రిపేర్ కిట్, టైర్లలో గాలి చూసే సెన్సర్లు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020 అక్టోబర్ నుంచి నిబంధన సడలించారు. ఆ కిట్ మేకు దిగినప్పుడు సరిపోతుందేమో, సైడ్‌వాల్ చీలితే దేనికీ పనికిరాదు. అందుకే మా రెండో కారు కొనేటప్పుడు స్టెప్నీ ఉన్నదే తీసుకున్నాం.

లోటు లేదని చెప్పను. చక్రం బరువును చుట్టూ సమానం చేసే వీల్ బ్యాలెన్సింగ్ మెషీన్ లేదు. మష్రూమ్ వేయించాక స్పీడు పెంచితే స్టీరింగ్ వణికింది, విజయవాడలో బ్యాలెన్సింగ్ చేయించాకే కుదుటపడింది. కూర్చోవడానికి ఒక బల్ల తప్ప ఏమీ లేదు. ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేకపోవడం పెద్ద ఇబ్బంది, మా అమ్మతో వెళ్లినప్పుడు చాలా కష్టమైంది. రాత్రి పొద్దుపోయాక వెళ్తే లోపల నిద్రపోతుంటాడు, తట్టి లేపాలి. లేచాక మాత్రం విసుక్కోడు, రాత్రి అని ఎక్కువ అడగడు.

అక్కడిదాకా కారు వెళ్లలేని స్థితిలో ఉంటే 1033కి ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. మాకు పెట్రోలింగ్ బండి వచ్చి వెనకాల కోన్లు పెట్టి, చక్రం మార్చేదాకా ఉంది. స్టెప్నీతో అన్న దగ్గరికి వెళ్లి పంక్చర్ వేయించుకున్నాం.